కొసరు పోసిన వైఫై

మా ఇంట్లో పాలు కొలిచాక కొసరు పోయకపోతే అది అమ్మకం కాదు, అవమానం. లీటరు కొలత నింపి గిన్నెలో వంచిన తర్వాత మా అత్తమ్మ మళ్లీ క్యానులో కొలత ముంచి ఇంకొంచెం తీసి పోస్తుంది. ఆ ఇంకొంచెమే కొసరు. దానికి లెక్క లేదు, డబ్బు లేదు, అడగాల్సిన పని లేదు. ఉప్పుగూడలో ప్రతి కిరాణా కొట్లో పాల ప్యాకెట్లు దొరుకుతున్నా, సాయంత్రం అయ్యేసరికి మా గుమ్మం ముందు ఇంకా గిన్నెలు వరుస కడుతున్నాయంటే అది బర్రెల గొప్పా కాదు, మా గొప్పా కాదు. ఆ కొసరు గొప్ప.

ఆ కొసరే వచ్చి నా ఉద్యోగం మెడ మీద కూర్చుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పెళ్లికి ముందు నుంచీ నేను ఆసుపత్రి బిల్లుల కౌంటర్లో పనిచేసేదాన్ని. పాప పుట్టాక మానేశాను. మానేసినప్పటి నుంచి, ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే "ఇంట్లోనే" అని చెప్పి వెంటనే మాట మార్చేదాన్ని. అలాంటిది, పోయిన చలికాలంలో ఒక కంపెనీ నన్ను ఎంచుకుంది. ఆసుపత్రుల రికార్డులు సరిచూసే పని, ఇంటి నుంచే. ఫోన్లో ఆ మాట విన్నప్పుడు నేను కొట్టంలో ఉన్నాను. ఎగిరి గంతేశాను. నా గంతుకు బర్రె బెదిరి కుడితి తొట్టి తన్నేసింది. కాళ్ల నిండా కుడితి, కళ్ల నిండా నీళ్లు, నేను మాత్రం నవ్వుతూనే ఉన్నాను.

చివర్లో ఒకే ఒక్క షరతు పెట్టారు. రోగుల కాగితాలు నా ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి కాబట్టి మా ఇంటి వైఫై భద్రంగా ఉండాలి. వాళ్ల సెక్యూరిటీ మేడం వారం తర్వాత వీడియో కాల్‌లో స్వయంగా చూస్తుంది. నా ల్యాప్‌టాప్, నా ఫోను తప్ప ఇంకేదైనా ఆ వైఫైలో కనిపించిందంటే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"ఇదెంత పని?" అనుకున్నాను. నాకున్న పెద్ద జబ్బే అది. ఏదైనా మొదలుపెట్టక ముందే అయిపోయినట్టు సంబరపడతాను.

మా వైఫై డబ్బా గుమ్మం పక్క కిటికీలో ఉంటుంది. కేబుల్ అన్న బిగించి పోయిన రోజు నుంచి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దాని కడుపు కింద అంటించిన చీటీలో చూసి, ల్యాప్‌టాప్‌లో దాని సెట్టింగుల పేజీ తెరిచాను. వైఫై వాడటానికి ఒక పాస్‌వర్డ్ ఉంటే, ఈ పేజీ తెరవడానికి ఇంకో పాస్‌వర్డ్ ఉంటుంది. మాది కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. అంటే ఇంటికి తలుపుంది, తాళముంది, తాళంచెవి తలుపుకే వేలాడుతోంది. అది చూసే నాకు సగం గుండె జారింది. ఎవరెవరు వాడుతున్నారో చూపించే చోట నొక్కేసరికి మిగతా సగమూ జారింది.

ఫోన్లు, ఫోన్లు, ఫోన్లు. వేలితో తెరను జరుపుతుంటే అయిపోవడం లేదు. వాటి మధ్యలో ఒక స్మార్ట్ టీవీ. మా ఇంట్లో ఉన్నది వెనక బొజ్జ ఉన్న పాత టీవీ. మరి ఈ స్మార్ట్ టీవీ ఎవరిది? ఎవరి గోడకు తగిలించుకుని, ఎవరి సోఫాలో కూర్చుని మా నెట్టు మీద సినిమాలు చూస్తున్నారు?

"అత్తమ్మా!" అని కేకేశాను.

అత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమెకు ఈ గల్లీలో అందరూ కావాలి. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు ఆమెకే తెలుస్తుంది, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి తర్వాత అందరికీ తెలుస్తుంది.

"గీ నెట్టు పాస్‌వర్డ్ ఎవలెవలకు చెప్పినవ్ అత్తమ్మా?"

"పాలకొచ్చినోళ్లకు చెప్పిన" అంది, ఏమీ దాచుకోకుండా. "ఎండకాలం బర్రెలు వట్టిపోయి పాలు తక్వ పడ్డయి గదా. కొసరు పొయ్యలేకపోయిన. ఖాళీ కొలత వంచుతుంటే నా పానం సచ్చిపోయింది బిడ్డా. కేబులాయన అన్నడు, ఎంతమంది వాడినా బిల్లు గంతేనని. గా పాస్‌వర్డే కొసరనుకోండ్రి అని చెప్పిన. మస్తు ఖుషీ అయిండ్రు."

"గట్ల చెప్తరా ఎవలన్నా?"

"గాలిలకెళ్లి వచ్చేదానికి కొలతేందే? పోతే ఏంబోతది?"

నాకు కోపం రావాల్సింది, నవ్వు వచ్చింది. అప్పటికి ఇంకా ఉత్సాహం మీదున్నాను కదా. ఆ పూటే పాస్‌వర్డ్ మార్చేశాను. మార్చగానే పేజీలోని ఫోన్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఎదురుగా దర్జీ భాయ్ దుకాణంలో క్రికెట్ అరుపులు టక్కున ఆగిపోయాయి. అప్పుడు అర్థమైంది స్మార్ట్ టీవీ ఎవరిదో. నేను ఒక్కదాన్నే కూర్చుని చప్పట్లు కొట్టుకున్నాను.

ఇల్లలకగానే పండగ కాదంటారు. సాయంత్రం పాల వేళ దాటేసరికి క్రికెట్ అరుపులు మళ్లీ మొదలయ్యాయి. పేజీ తెరిస్తే ఫోన్లన్నీ తిరిగి వచ్చి కూర్చున్నాయి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా దర్జీ భాయ్ దగ్గరికి ఉరికాను.

"భాయ్, పాస్‌వర్డ్ ఎవలు చెప్పిండ్రు?"

ఆయన మిషను ఆపి అమాయకంగా చూశాడు. "కోయీ నై బోలా అమ్మా. నేనే వేసి చూసిన, లగ్ గయా. ఆప్ కే ఘర్ మే ఔర్ క్యా నామ్ రహతా? ఉసీ భైంస్ కా దూద్ పీకే మై బడా హువా."

ఆయన తప్పేం లేదు. నేను పెట్టిన పాస్‌వర్డ్ మా ఇంటి మొదటి బర్రె పేరు. మా మామ దాన్ని కొని తెచ్చి ఈ వ్యాపారం పెట్టాడు. ఇంట్లో మంచిపని ఏది మొదలుపెట్టినా ముందు దాని పేరు తలుచుకుంటాం. నేనూ అలవాటుగా తలుచుకున్నాను, తలుచుకున్నదే టైపు చేశాను. గల్లీ మొత్తం దాని పాలు తాగి పెరిగిన వాళ్లే. వాళ్లకు తెలియని పేరు కాదు. ఆ పేరు ఇక్కడ మాత్రం రాయను, ఇప్పుడు నాకు కొంచెం బుద్ధి వచ్చింది.

మర్నాడు పనిని పద్ధతిగా మొదలుపెట్టాను. ముందు సెట్టింగుల పేజీకి కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. డబ్బాలోని సాఫ్ట్‌వేర్‌ను తాజా చేశాను. వైఫై పేరులో మా డెయిరీ పేరుంటే తీసేసి, ఎవరికీ ఏమీ తెలియని మామూలు పేరు పెట్టాను. వైఫైకి ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలు కలిపి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టాను. అందులో బర్రె లేదు, దేవుడు లేడు, మా పాప లేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. కంచన్‌బాగ్ క్వార్టర్లకు పాలు పోసి వచ్చి, "నా ఫోన్ల నెట్టేది?" అని అడిగితే, "సిమ్ము నెట్టు వాడుకో" అన్నాను. ఆయన నా మొహం చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అత్తమ్మకు పాస్‌వర్డ్ కనిపించే వీలే లేదు. అయినా ఆమెతో ఒట్టు వేయించుకున్నాను. ఆమె పాల క్యాను మీద చెయ్యి పెట్టి, "పాస్‌వర్డ్ ఎవలకూ చెప్ప, పాల మీద ఒట్టు" అంది. పాల మీద ఒట్టేసి మా ఇంట్లో ఎవరూ తప్పరు. తప్పితే పొదుగులు ఎండిపోతాయని మా వాళ్ల నమ్మకం.

ఆ సాయంత్రం మళ్లీ పేజీ తెరిచాను. నా ల్యాప్‌టాప్ ఉంది. నా ఫోను ఉంది. ఇంకో ఫోను ఉంది.

చూస్తుండగానే మరొకటి వచ్చి చేరింది!

నిజం చెప్పాలంటే భయం కన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉంది. దొంగను చేతికి చిక్కేంత దూరంలో చూస్తున్నవాళ్లకు ఉండే ఉత్సాహం. ఎవరు? ఎట్లా? నేను ఎవరికీ చెప్పలేదు, కాగితం మీద రాయలేదు, నా తలకాయలో తప్ప ఆ పాస్‌వర్డ్ ఎక్కడా లేదు. గల్లీలో హ్యాకర్లు ఎవరున్నారు? దర్జీ భాయా? సమోసాలు వేసే ఆయనా? పోనీ, నిద్రలో నేనే పలవరించానా?

తర్వాతి సాయంత్రం పాల వేళకు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని లోపలి గదిలో మాటువేశాను. బయట గిన్నెల చప్పుడు, అత్తమ్మ పలకరింపులు వినిపిస్తున్నాయి. కొలత వంచిన చప్పుడు అయింది. పేజీలో కొత్తది ఏమీ లేదు. ఇంకో కొలత వంచింది. అప్పుడూ ఏమీ లేదు. తర్వాత అత్తమ్మ, "ఆగు బిడ్డా, నీ కొసరు తీస్కపో" అంది. ఆ వెనకే, నా కళ్ల ముందే, ఒక కొత్త ఫోను పేజీలోకి దూరింది.

ల్యాప్‌టాప్ పక్కన పడేసి గుమ్మంలోకి దూకాను. అత్తమ్మ ఎడమ చేత్తో పాల కొలత పట్టుకుని, కుడి చేయి కిటికీలోకి పెట్టి, వైఫై డబ్బా వెనక మీటను బొటనవేలితో గట్టిగా ఒత్తుతోంది. డబ్బా మీద చిన్న లైటు మిణుకుమంటోంది. ఎదురుగా గిన్నె పట్టుకున్న ఆమె తన పాత ఫోను చూసుకుని, "వచ్చింది పెద్దమ్మా" అని మురిసిపోతోంది. డబ్బా వెనకంతా ఎండిపోయిన పాల మరకలు.

ఆ మీట సంగతి నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. దాన్ని నొక్కితే కాసేపటి దాకా పాస్‌వర్డ్ అడగకుండానే ఫోను లోపలికి వచ్చేస్తుంది. కొత్త ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం తీసేశారట గానీ, మా గల్లీలో కొత్త ఫోన్లు ఎన్నని? టీవీకి నెట్టు కలపడానికి కేబుల్ అన్న ఎప్పుడో దర్జీ భాయ్ కోసం దాన్ని నొక్కితే, మా అత్తమ్మ పక్కనే నిలబడి చూసి నేర్చుకుంది.

"ఒట్టేసినవ్ గదా అత్తమ్మా!"

"ఒట్టు తప్పలే" అంది ఆమె, తడబడకుండా. "పాస్‌వర్డ్ చెప్పనన్న, చెప్పలే. మీట నొక్కిన. గంతే."

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నా కోపానికి హద్దు లేకుండా పోయింది. గల్లీ అంతా వింటుండగా, "నా నౌకరీ పోయినా సరే, నీకు నీ మంచిపేరు గావాలె!" అని అరిచాను. "ఎన్నేండ్లకు దొరికింది నాకు గిది! నీ కొసరుల కొట్టుకపోతుంది!" అన్నాను. గిన్నెలవాళ్లు నెమ్మదిగా జారుకున్నారు. అత్తమ్మ కొలతను క్యానుకు తగిలించి లోపలికి వెళ్లిపోయింది. భోజనాల దగ్గర నాతో మాట్లాడలేదు.

ఆ మీట పనిచేయకుండా సెట్టింగుల్లో ఆపేశాను. పాస్‌వర్డ్ మళ్లీ మార్చాను. కానీ మనసు కుదుటపడలేదు. ఈవిడ రేపు కేబుల్ అన్నను పిలిచి "ఖరాబైంది, మంచిగ జెయ్యి" అంటే అయిపోయె. బయటివాళ్లకు ఎన్ని తాళాలైనా వేయొచ్చు. ఇంటి మనిషి మనసు ఒప్పుకోకపోతే ఏ తాళమూ నిలవదు. కాల్ చూస్తే ఇంకో రెండు రోజుల్లోనే ఉంది.

పొద్దున పాలు పిండే వేళ కొట్టంలోకి వెళ్లాను. మాటల్లేకపోయినా పని ఆగదు కదా. చిన్న బర్రె ఈని ఎన్నో రోజులు కాలేదు. అత్తమ్మ దూడను విడిచి, బర్రె పాలు చేపాక దాన్ని పక్కకు లాగి నాకు పట్టుకొమ్మని ఇచ్చి, పిండటం మొదలుపెట్టింది. మూడు చన్నులు పిండి లేచింది. నాలుగోది ముట్టలేదు. దూడను వదిలేయమని నాకు చేత్తో సైగ చేసి, బర్రెకు వీపు పెట్టి గోడ వైపు తిరిగి నిలబడింది. దూడ తాగుతుంటే పాలు పిండినవాళ్లు చూడకూడదు, దిష్టి తగులుతుంది. రోజూ అంతే. కాసేపయ్యాక, తిరిగి చూడకుండానే, "తాగిందా?" అని అడుగుతుంది. తాగిందని చెబితేనే ఇటు తిరుగుతుంది.

నేను కొత్త కోడలిగా వచ్చినప్పటి నుంచి చూస్తున్నదే. ఆ రోజు మాత్రం నా తలలో ఏదో తళుక్కుమంది.

"అత్తమ్మా, గా నాలుగో చన్ను ఎందుకు ఇడిసిపెడ్తవ్? గదిగూడ పిండితే మస్తు కొసరు పొయ్యొచ్చు గదా."

ఆమె గిర్రున తిరిగింది. దిష్టి సంగతి కూడా మరిచిపోయింది. "ఏం మాటే అది? దూడ నోరు గొట్టి కొసరు పోస్తరా? అది అమ్ముకునేది గాదు, పంచుకునేది గాదు. అది దూడది!"

"గా వైఫై గూడ గంతే అత్తమ్మా" అన్నాను. "గది నాది. నేను బతికేది దానిమీద. రేపు రోగాలున్నోళ్ల కాగితాలన్నీ దాంట్లకెళ్లే నా దగ్గరికి వస్తయి. ఎవలకేం రోగమున్నదో గల్లీల కొసరు పోస్తమా?"

దూడ మూతి నిండా నురుగుతో పొదుగును కుమ్ముతోంది. అత్తమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. మళ్లీ గోడ వైపు తిరిగి నిలబడింది.

సాయంత్రం నేను లోపల కూరగాయలు తరుగుతుంటే గుమ్మంలో దర్జీ భాయ్ గొంతు వినిపించింది. "అమ్మా, వైఫై నై ఆరా. జర మీట దబావ్ నా."

నా కత్తి ఆగిపోయింది.

"నక్కో భాయ్" అంది అత్తమ్మ. "పాలు అడుగు, ఇంకింత పోస్త. గా డబ్బా ముచ్చట మాత్రం తియ్యకు. గది దూడ చన్ను."

"కౌన్ సా దూడ, అమ్మా?"

నేను తలుపు సందులోంచి తొంగిచూశాను. అత్తమ్మ గడ్డంతో నేనున్న వైపు చూపించింది. దర్జీ భాయ్ నన్ను చూసి, మా కొట్టం వైపు చూసి, నవ్వి తలూపాడు. చిన్నప్పటి నుంచి మా కొట్టంలో పాలు పిండటం చూసినవాడు, ఆయనకు ఇంకేమీ వివరించాల్సిన పనిలేకపోయింది. "సహీ బాత్ అమ్మా" అని గిన్నె చాపాడు. అత్తమ్మ కొలత ముంచి, వంచి, మళ్లీ ముంచి, గిన్నె అంచు దాకా కొసరు పోసింది. నాకు లోపల్లోపల ఎంత సంతోషమైందంటే, ఉల్లిగడ్డలు లేకుండానే కళ్లు తుడుచుకున్నాను.

కాల్ రోజు పొద్దున్నే తల స్నానం చేసి, నాకున్న ఒక్క ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చున్నాను. తెర మీద సెక్యూరిటీ మేడం కనిపించింది. నాకన్నా చిన్నది, నవ్వు మొహం, కానీ ఏ ఒక్కటీ వదిలే రకం కాదు. సెట్టింగుల పేజీ చూపించమంది. పేజీకి పాస్‌వర్డ్ మార్చారా? మార్చాను. సాఫ్ట్‌వేర్ తాజాదేనా? తాజాదే. ఆ మీట? ఆపేశాను. ఆ మీటను ఆపేసినవాళ్లు చాలా తక్కువమంది అని ఆమె మెచ్చుకుంటే, దాని వెనక ఎంత లొల్లి జరిగిందో ఈమెకేం తెలుసు అనుకున్నాను. చివరికి ఎవరెవరు వాడుతున్నారో చూపించమంది. నొక్కాను.

నా ల్యాప్‌టాప్. నా ఫోను. ఇంకేమీ లేదు!

"చాలా బాగుంది" అంది మేడం. "ఇక చివరి పని. ఇప్పుడు నా ముందే వైఫై పాస్‌వర్డ్ ఇంకోసారి మార్చండి. మీ తెర నాకు కనిపించకుండా ఆపేయండి. టైపు చేసేటప్పుడు గదిలో ఎవరూ చూడకూడదు." అంతలోనే కెమెరాలోకి వంగి చూసింది. "మీ వెనక ఎవరో ఉన్నారు కదా?"

వెనక్కి తిరిగి చూశాను. గుమ్మానికి అడ్డంగా అత్తమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఎవరూ లోపలికి రాకుండా తలుపు తెరను ఒక చేత్తో పట్టుకుని, నాకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి ఉంది.

"మా అత్తమ్మ, మేడం" అన్నాను. "ఆమె చూడదు."

టైపు చేశాను. కాల్ తెగిపోయింది, డబ్బా ఆగి మళ్లీ వెలిగాక కొత్త పాస్‌వర్డ్‌తో తిరిగి కాల్‌లోకి వచ్చాను. మేడం ఇంకోసారి అంతా సరిచూసుకుని, "అంతా సరిగ్గా ఉంది, సోమవారం నుంచి మీరు పనిలో చేరండి" అంది. ఆమెకు ఏం జవాబిచ్చానో నాకు గుర్తు లేదు.

కాల్ అయిపోయింది. ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు విని కూడా అత్తమ్మ కదల్లేదు. తల తిప్పకుండా, గోడకే చెబుతున్నట్టు, నెమ్మదిగా అడిగింది.

"తాగిందా?"

"తాగింది అత్తమ్మా" అన్నాను. "కడుపు నిండ తాగింది."

అప్పుడు ఆమె ఇటు తిరిగింది.